సంచారి స్థాయి అయిన వేళ: రామారెడ్డి కాలభైరవుని గుడి నుంచి ‘అంపశయ్య’ దాకా నిత్యాందోళన

తెలుగు మనోవిజ్ఞాన గ్రంథాలు ‘ఆందోళన’ను పారిభాషికపదంగా వాడుతున్నాయి. దినపత్రికలు అదే మాటను ధర్నాకు, రాస్తారోకోకు, కార్యాలయ ముట్టడికి వాడుతున్నాయి. ఈ రెండు వాడుకల మధ్యనున్న దూరం పాఠకుణ్ణి ఎన్నడూ ఇబ్బందిపెట్టినట్టు లేదు. 2023 జనవరిలో కామారెడ్డి పట్టణ మాస్టర్‌ప్లాన్ ముసాయిదాకు వ్యతిరేకంగా పరిసర గ్రామాల రైతులు రోడ్డెక్కినప్పుడు ‘రైతుల ఆందోళన’ అన్న రెండు మాటలు రెండర్థాలలోనూ సరిపోయాయి. సాగుభూమి పారిశ్రామిక మండలంలో కలిసిపోతుందేమోనని రాత్రిళ్లు నిద్రపట్టకపోవడం ఒక ఆందోళన. తెల్లవారి పురపాలక కార్యాలయం ముందు కూర్చోవడం మరొక ఆందోళన. సంస్కృతంలో ఆందోళనమంటే ఊగడం, డోల అంటే ఉయ్యాల. ఊపు లోపలిదైతే వ్యాధి అంటున్నాం, బయటిదైతే ఉద్యమం అంటున్నాం. లోపలి ఊపు బయటికి వచ్చే దారిలో సాహిత్యం ఏ పని చేస్తుందన్నది ఈ వ్యాసంలో పరిశీలించదలచిన విషయం. పరిశీలనకు కామారెడ్డి జిల్లా రామారెడ్డి పరిసరాల నుడిని, అక్కడి కాలభైరవస్వామి ఆరాధనను, ‘అల్పజీవి’, ‘అంపశయ్య’ నవలలను ఆధారాలుగా తీసుకుంటున్నాను. ఒక గుడి, రెండు నవలలు ఒక వ్యాసంలో ఇముడుతాయా అన్న శంక సహజమే. ఇముడుతాయనడానికి కారణాన్ని అలంకారశాస్త్రమే ఇస్తుంది.

నుడిలోని భేదాలు

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల వాడుకలో ‘ఆందోళన’ మొదటి అర్థంలో వినిపించడం అరుదు. అక్కడ మనిషి రంది పడతాడు, అతనికి బుగులు పుడుతుంది, ఫికర్ చేస్తాడు, పరేషాన్ అవుతాడు. ఇవి పర్యాయపదాలు కావు. బుగులుకు ఎదుట ఏదో ఒక కారణం కనిపించాలి: చీకటి, పాము, పోలీసు, అప్పులవాడు. రందికి అంతటి స్పష్టమైన కారణం అక్కరలేదు. అది నిలువ ఉంటుంది. ‘రందితోటి చిక్కిపోయిండు’ అనగలం, బుగులుతో చిక్కిపోయాడనం. కొడుకు గల్ఫ్‌లో ఉన్న తల్లిది రంది. అర్ధరాత్రి ఫోను మోగినప్పుడు ఆమెకు పుట్టేది బుగులు. 1844లో డేనిష్ తత్త్వవేత్త కీర్కెగార్డ్ ఆందోళనపై రాసిన గ్రంథంలో విషయం ఉన్న భయాన్ని, నిర్దిష్ట విషయం లేని వ్యాకులతను వేరుచేశాడని తత్త్వశాస్త్ర విద్యార్థులకు చెబుతాం. ఆ భేదం ఈ రెండు దేశిపదాలలో ముందే నిక్షిప్తమై ఉంది. దీనిని ప్రాంతాభిమానంతో చెప్పడం లేదు. పదాలను వేరుగా ఉంచుకున్న సమాజం అనుభవాలను వేరుగా గుర్తుపట్టిందనే అర్థంలో చెబుతున్నాను.

మరొక విశేషం ఇంతకంటే ఆసక్తికరమైనది. సంస్కృతంలో ‘చింత’ అంటే ఆలోచన, తలపు. తెలుగులో అది దిగులయింది. ‘విచారం’ సంస్కృతంలో పర్యాలోచన, విమర్శ. ‘వేదాంతవిచారం’ అన్నప్పుడు ఆ అర్థం ఇప్పటికీ ఉంది. సామాన్య తెలుగులో విచారం దుఃఖానికి చేరువైంది. అరబ్బీ మూలం నుంచి ఉర్దూ ద్వారా తెలంగాణ తెలుగులోకి వచ్చిన ‘ఫికర్’కు కూడా మొదటి అర్థం ఆలోచనే. మూడు పదాలు, రెండు భాషాకుటుంబాల నుంచి వచ్చినవి, ఒకే మలుపు తిరిగాయి. ఆలోచన ఎక్కడో ఒకచోట ఆగకపోతే దిగులుగా మారుతుందని తెలుగు వ్యవహర్త అనుభవంతో గ్రహించినట్టుంది. ఇక ‘పరేషాన్’ పారసీక పదం. చెదరిపోవడం దాని మూలార్థం. జుట్టు చెదిరినా, మనసు చెదిరినా ఆ భాషలో ఒకే మాట. చైతన్యస్రవంతి నవల గురించి మనం రాసుకున్న విమర్శలో ఇంత క్లుప్తమైన నిర్వచనం దొరకదు.

రసం లేని భావం

భరతుని నాట్యశాస్త్రం భావాలను స్థాయి, వ్యభిచారి, సాత్త్విక భేదాలతో విభజించింది. భయం ఎనిమిది స్థాయిభావాలలో ఒకటి. అది భయానకరసంగా పరిణమిస్తుంది. శంక, చింత, త్రాసం, ఆవేగం, విషాదం, వితర్కం, ఇవన్నీ ముప్పైమూడు వ్యభిచారి భావాలలో చేరాయి. వచ్చిపోయేవి, స్థాయిని పోషించేవి, తమంతట తాము నిలవనివి. నిత్యజీవితంలో మనిషిని పీడించే దిగులులో సింహభాగం ఈ జాబితాలోనే ఉంది. అంటే శాస్త్రం దానికి రసపదవి ఇవ్వలేదు. విరహంలోనో, యుద్ధభూమిలోనో ఒక క్షణం తళుక్కుమని మాయమవడమే దాని పని.

చింతకు భరతుడు చెప్పిన కారణాలను చూస్తే ఈ ఉపేక్ష మరింత ఆశ్చర్యం కలిగిస్తుంది. ఐశ్వర్యం పోవడం, ఇష్టమైన వస్తువు అపహరణకు గురికావడం, దారిద్ర్యం. వీటిలో దారిద్ర్యం వచ్చిపోయేది కాదని అది అనుభవించిన ఎవరైనా చెప్పగలరు. దాని కార్యాలుగా నిట్టూర్పు, తలవంచుకుని ఆలోచించడం, శరీరం కృశించడం చెప్పబడ్డాయి. ‘రందితో చిక్కిపోవడం’ ఇక్కడ శాస్త్రసమ్మతమే. ఇక శంకను, భయాన్ని భరతుడు స్త్రీలకు, నీచప్రకృతులకు చెందిన భావాలుగా పేర్కొన్నాడు. ఉత్తమ నాయకునికి భయం ఉండదు. ఉన్నా గురువు పట్ల, రాజు పట్ల వినయరూపంలో నటించవచ్చు. కాబట్టి నిత్యాందోళనకు రసం లేకపోవడమే గాక నాయకుడూ లేడు.

అయితే వ్యభిచారి భావం స్థాయిగా పదోన్నతి పొందిన సందర్భం మన శాస్త్రచరిత్రలో ఉంది. భరతుని జాబితాలో మొదటిదైన నిర్వేదాన్ని మమ్మటుడు శాంతరసానికి స్థాయిగా అంగీకరించాడు. రుద్రటుడు, భోజుడు తమ తమ మార్గాలలో ఇంకా ముందుకు వెళ్లి ఇతర భావాలకు కూడా రసత్వార్హత ఉందన్నారు. నిర్వేదానికి తొమ్మిదో రసం దొరికింది; చింతకు దొరకలేదు. సన్న్యాసికి దక్కిన గౌరవం గుమాస్తాకు దక్కలేదన్నమాట. ఇరవయ్యో శతాబ్దపు తెలుగు నవల ఈ బాకీని తీర్చే ప్రయత్నం చేసిందన్నది నా ప్రతిపాదన.

దీనికి ఒక బలమైన ఆక్షేపణ అభినవగుప్తుని వ్యాఖ్యానంలోనే ఉంది. రసప్రతీతికి కలిగే ఏడు విఘ్నాలలో సామాజికుడు తన సొంత సుఖదుఃఖాలకు వశమైపోవడం ఒకటని అతడు చెప్పాడు. నాటకశాలలో కూర్చున్నవాడు ఇంటి బాకీ గురించి తలపోస్తుంటే ముందున్న దుష్యంతుడు కనిపించడు. భయానకానికి అతడు చూపిన ప్రసిద్ధ ఉదాహరణ శాకుంతలంలో ప్రాణభయంతో పరుగెత్తే లేడి. ఆ లేడిని చూస్తున్నప్పుడు ప్రేక్షకుని అనుభవంలోకి వచ్చే భయం ఫలానా చోటిది, ఫలానా వేళది, ఫలానావాడిది కాకుండా పోతుంది. దేశకాలాలు జారిపోయి భయమొక్కటే మిగులుతుంది. సాధారణీకరణం ఇదే. నిత్యాందోళనతో చిక్కు ఇక్కడే వస్తుంది. చింత నుంచి తేదీని తీసేస్తే చింతే మిగలదు. ఫీజు గడువు, అప్పు వాయిదా, ఫలితాల రోజు, ఇవి దానికి ఉద్దీపనాలు మాత్రమే కావు, ఊపిరి. కాలం నుంచి విడిపించలేని భావాన్ని రసంగా మార్చడం ఎలా? నవలాకారునికి ఎదురైన అసలు సమస్య ఇది. గుడికి ఎదురైనదీ ఇదే.

కాలానికి ముఖం

రామారెడ్డి, దానిని ఆనుకుని ఉన్న ఇసన్నపల్లి కామారెడ్డికి సమీపంలోని గ్రామాలు. 2016లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ వరకు ఇవి నిజామాబాదు జిల్లాలో సదాశివనగర్ మండలం కింద ఉండేవి. తరువాత రామారెడ్డి మండలకేంద్రమైంది. ఇక్కడి కాలభైరవస్వామి గుడి చుట్టుపక్కల జిల్లాల్లోనూ పేరుపొందింది. భయాలు, పీడలు, మనోవ్యథలు తొలగుతాయన్న విశ్వాసంతో భక్తులు వస్తారు. ఇతర భైరవక్షేత్రాలలో వలెనే బహుళాష్టమికి, అందులోనూ కార్తిక బహుళాష్టమికి ఇక్కడ ప్రాముఖ్యం ఎక్కువ.

పేరును గమనించాలి. భైరవుడు భయంకరుడు, భయహరుడు కూడా. కాశీలో అతడు నగరపాలకుడైన కొత్వాలు, వాహనం కుక్క. కొత్వాలుకు భయపడతాం, కొత్వాలు ఉన్నాడని ధైర్యపడతాం. అభినవగుప్తుడు ‘తంత్రాలోకం’లో భైరవశబ్దానికి ఇచ్చిన అనేక వివరణలలో రెండు ఈ చర్చకు ఉపకరిస్తాయి. సంసారభయంతో మనిషి పెట్టే ఆక్రందనతో, అంటే రవంతో, ముడిపడినవాడు భైరవుడన్నది ఒకటి. కాలాన్ని మింగివేసే సమాధిలో ఉన్నవారి మనస్సులలో ప్రకటమయ్యేవాడన్నది మరొకటి. రసవిఘ్నాలను లెక్కించినవాడూ, భైరవునికి ఈ వ్యుత్పత్తులు కల్పించినవాడూ ఒకే వ్యక్తి కావడం యాదృచ్ఛికం అనిపించదు. నాట్యశాలలో భయం కాలాన్ని వదిలించుకుంటుంది. గుడిలో కాలానికే ఒక ముఖం పెడతారు. ఆ ముఖానికి కోరలుంటాయి, దానికి నూనె దీపం పెట్టవచ్చు, మొక్కు చెల్లించవచ్చు, రానున్న అష్టమికి మళ్లీ వస్తానని మాట ఇవ్వవచ్చు.

ఇది అలంకారశాస్త్ర పరిభాషలో ఆలంబన విభావాన్ని కల్పించడమే. ఏ రూపమూ లేని రందికి ఒక రూపం దొరకగానే అది బుగులుగా మారుతుంది, బుగులుకు మందుంది. ‘గాలి సోకింది’ అన్న మాట వైద్యదృష్టిలో అజ్ఞానం కావచ్చు. భావవ్యాపారం దృష్ట్యా అది ఒక నామకరణం. రాజస్థాన్‌లోని మెహందీపూర్ బాలాజీ గుడిలో జరిగే చికిత్సను మనోవిశ్లేషకుడు సుధీర్ కకర్ తన 1982 నాటి గ్రంథంలో ఇటువంటి దృష్టితోనే పరిశీలించాడు. అక్కడా భైరవుడు ఒక ప్రధాన దేవత. బాధ మనిషి లోపలి దోషం కాదు, వెలుపలి నుంచి వచ్చినది అనుకున్నప్పుడు రోగి మీద నింద పడదు. కుటుంబం అతని పక్కన కూర్చుంటుంది. ‘ఎర్రగడ్డ’ అన్న ఊరిపేరే ఎగతాళి మాటగా మారిన రాష్ట్రంలో ఈ ఊరట చిన్నది కాదు. కాలభైరవుని గుడికి పోయొచ్చానని ఎవరైనా నలుగురిలో చెప్పగలరు. మానసిక వైద్యుని దగ్గరికి పోయొచ్చానని చెప్పేవారు తక్కువ.

ఇంతవరకు చెప్పి ఆగితే విమర్శకుడు పూజారి అవుతాడు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడి దర్గా సమీపాన ఒక ఆశ్రయకేంద్రంలో మంటలు చెలరేగి, గొలుసులతో కట్టివేసిన మానసిక రోగులు తప్పించుకోలేక 28 మంది మరణించారు. విశ్వాసం పేరుతో మనిషిని కట్టివేసినప్పుడు ఏమవుతుందో ఆ ఘటన దేశానికి చూపింది. సర్వోన్నత న్యాయస్థానం తనంతట తాను కల్పించుకోవలసి వచ్చింది. నా చర్చ తీవ్రమైన మనోవ్యాధులకు సంబంధించినది కాదు. వాటికి వైద్యమే మార్గం. వైద్యుని దాకా పోనక్కరలేని, అయినా ప్రతిదినమూ ఉండే రంది గురించి మాట్లాడుతున్నాను. గుడి దానికి ఆలంబనం ఇస్తుంది నిజమే. ఆ ఆలంబనం నిజకారణం కాకపోవచ్చునన్నది కూడా నిజమే. గల్ఫ్ ఏజెంటు చేసిన మోసం వల్ల పుట్టిన రందిని గాలి మీదికి మళ్లిస్తే ఏజెంటు క్షేమంగా ఉంటాడు. పెద్దింటి అశోక్‌కుమార్ ‘ఎడారి మంటలు’ నవల గల్ఫ్ వలసను వస్తువుగా తీసుకుని అప్పును, వీసాను, దళారీని కథలోకి తెచ్చినప్పుడు గుడి చేయని ఆ పనిని సాహిత్యం చేసింది.

నీచప్రకృతి నాయకుడైనప్పుడు

రాచకొండ విశ్వనాథశాస్త్రి ‘అల్పజీవి’ 1950లలో వెలువడింది. అంతకుముందే గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’లో సీతారామారావును, బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’లో దయానిధిని మనకిచ్చారు. మనోవైజ్ఞానిక నవలల చరిత్ర రాసేవారు ఈ మూడింటిని ఒక గొలుసుగా చూపడం రివాజు. ఆ రివాజు ఒక ముఖ్యభేదాన్ని మరుగుపరుస్తుంది. సీతారామారావుది పతనం, దయానిధిది అన్వేషణ. ఆ రెండింటికీ విషాదగౌరవం ఉంది. సుబ్బయ్యకు అదేమీ లేదు. అతనిది వట్టి భయం. భార్య సావిత్రి అంటే జంకు, ఆఫీసు అంటే బెదురు. అత్తవారి వైపు బంధువు వెంకట్రావు ఒత్తిడికి లొంగి కాంట్రాక్టరు గవరయ్య దగ్గర డబ్బు తీసుకున్న తరువాత ఆ బెదురుకు ఒక పేరు దొరుకుతుంది: గవరయ్య. గుడిలో భైరవుడు చేసే పనిని నవలలో గవరయ్య చేస్తాడని చెప్పవచ్చు. అంతకుముందు చెదిరి ఉన్న వందభయాలు ఇప్పుడు ఒక మనిషి చుట్టూ చేరతాయి.

‘అల్పజీవి’ అన్న శీర్షికను భరతుని వర్గీకరణ పక్కన పెట్టి చదివితే దాని ధైర్యం తెలుస్తుంది. భయం నీచప్రకృతులదని శాస్త్రం పక్కకు నెట్టిన మనిషిని రావిశాస్త్రి ఆ బిరుదుతోనే అట్టమీద నిలబెట్టాడు. అయితే అతడు సుబ్బయ్యను చూసే చూపులో వ్యంగ్యం ఎప్పుడూ వదలదు. మనం సుబ్బయ్య మనసులోనే ఉంటాం, అయినా ఒక మెట్టు పైన ఉంటాం. అతని వెరపులు చూసి నవ్వుతాం. నవ్విన తరువాత ఆ వెరపు మనదే అని తెలిసి కొద్దిగా సిగ్గుపడతాం. రసదృష్టితో చెప్పాలంటే చింత ఇక్కడ తనంతట తాను స్థాయి కాలేదు. హాస్యాన్ని ఆశ్రయించి నిలబడింది. ఇది లోపమని అనను. ఆందోళనను భరించదగినదిగా చేసే ఉపాయాలలో నవ్వు అతి ప్రాచీనమైనది, చవకైనది కూడా. కాని నవ్వు ఆగాక సుబ్బయ్య ఒంటరిగానే ఉంటాడు.

నవీన్ ‘అంపశయ్య’ 1965-68 మధ్య రచితమై 1969లో వెలువడింది. ఉస్మానియా విశ్వవిద్యాలయ వసతిగృహంలో ఉంటున్న రవి అనే విద్యార్థి జీవితంలో ఒక్కరోజు, పదహారు గంటలు. తెలంగాణ పల్లెలోని పేదకుటుంబం నుంచి వచ్చినవాడు. మెస్ బాకీ, ఇంటి నుంచి రావలసిన డబ్బు, తండ్రి పడుతున్న కష్టం పట్ల అపరాధభావం, చదువు, స్త్రీల పట్ల కోరిక, ఆ కోరిక గురించిన సిగ్గు, ఇవన్నీ ఆ పదహారు గంటల్లో ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తాయి. నవలలో ‘ఏమీ జరగదు’ అన్న ఫిర్యాదు తరగతిగదిలో ఇప్పటికీ వినిపిస్తుంది. ఫిర్యాదు నిజమే. ఏమీ జరగకుండానే ఏదో జరుగుతుందేమోనన్న స్థితే కదా రంది. రావిశాస్త్రి ఉంచుకున్న వ్యంగ్యపు మెట్టును నవీన్ తీసేశాడు. పాఠకుడు రవి పక్కనే, అదే మంచం మీద పడి ఉండాలి. తప్పించుకునే దారి లేదు.

నవలలో పునరుక్తి ఉంది. డబ్బు, ఆడవాళ్లు, తండ్రి, మళ్లీ డబ్బు. కొన్నిచోట్ల రవి తన మానసికస్థితిని తానే వివరించుకోవడం వల్ల స్రవంతి వ్యాఖ్యానంగా గడ్డకట్టిందని కూడా అనిపిస్తుంది. అటువంటి చోట్ల రవి కాదు, మనోవిజ్ఞానం చదివిన రచయిత మాట్లాడతాడు. ఈ రెంటినీ ఒకే గాటన కట్టరాదు. వివరణ దోషం. పునరుక్తి మాత్రం ఆ భావపు స్వభావం. రంది పడే మనిషి కొత్త విషయం ఆలోచించడు, ఉన్న విషయాన్నే తిరిగి తిరిగి ఆలోచిస్తాడు. చింత, విచారం, ఫికర్ అన్న పదాలు ఆలోచన నుంచి దిగులుకు నడిచిన దారిని ‘అంపశయ్య’ ప్రతి పుటలోనూ మళ్లీ నడుస్తుంది. సాధారణీకరణం ఇక్కడ దేశకాలాలను వదిలేయడం వల్ల రాలేదు. గడియారాన్ని పదహారు గంటల పాటు మన చెవి దగ్గర పెట్టడం వల్ల వచ్చింది. మెస్ బాకీ రవిదే, తేదీ రవిదే. ఎదురుచూపు మాత్రం చదివేవాడిదవుతుంది. అభినవగుప్తుడు విఘ్నమన్న సొంత దిగులునే నవీన్ వాహనంగా చేసుకున్నాడు. చింతను స్థాయిగా నిలిపిన తెలుగు నవల ఏదని అడిగితే నేను ‘అంపశయ్య’నే చెబుతాను, దాని దోషాలతో సహా.

భాష విషయంలో ఒక మాట చెప్పాలి. రవి చైతన్యస్రవంతి ప్రధానంగా విశ్వవిద్యాలయపు భాషలో సాగుతుంది: ప్రమాణభాషకు చేరువైన, ఆంగ్లపదాలు కలిసిన తెలుగు. పల్లె నుంచి వచ్చినవాడు తన దిగులును పల్లెమాటలో తలుచుకోకపోవడం కూడా అతని దిగులులో భాగమే. ఇంటి నుడిలో ఆ బాధకు నాలుగు పేర్లున్నాయి. చదువుకున్న నుడిలో ఒకే పేరుంది, అదీ పుస్తకం నుంచి వచ్చినది. పేర్లు తగ్గినకొద్దీ పట్టుకునే పిడి తగ్గుతుంది. ఈనాటి రవులకు ఇది ఇంకా వర్తిస్తుంది. తెలంగాణలో 2022 అక్టోబరులో జరిగిన గ్రూప్-1 ప్రాథమిక పరీక్ష 2023 మార్చిలో రద్దయింది. 2023 జూన్‌లో తిరిగి జరిపిన పరీక్షను హైకోర్టు రద్దు చేసింది. అశోక్‌నగర్ గదుల్లో చదువుతున్నవారి రంది మీద ఇంకా ‘అంపశయ్య’ స్థాయి నవల రావలసి ఉంది. వారి అలజడికి ‘స్ట్రెస్’, ‘టెన్షన్’ అన్న మాటలు తప్ప మరొకటి దొరకడం లేదు. 2022లో కేంద్రప్రభుత్వం మొదలుపెట్టిన టెలిమానస్ సేవకు, 14416 నంబరుకు, ఫోను చేసినవాడు మొదట చెప్పవలసినది తనకేమవుతున్నదో. అది చెప్పడానికి మాట కావాలి. అవతల విన్నవారికి రందికి, బుగులుకు భేదం తెలిసి ఉండాలి.

నా గొడవ, మన గొడవ

మనసులోని దిగులును ఎవరికో ఒకరికి చెప్పుకోవడం ఎంతో పాత మార్గం. పాల్వంచ పరగణా తహసీల్దారు కంచెర్ల గోపన్న గోల్కొండ చెరసాలలో ఉండి రాముణ్ణి నిలదీశాడు. ఏ నగకు ఎంత ఖర్చయిందో ఒక కీర్తనలో లెక్క చెప్పాడు. ఉద్యోగి ఆందోళనకు తెలుగులో దొరికే తొలి గొప్ప వ్యక్తీకరణల్లో అది ఒకటని నా అభిప్రాయం. లెక్క తేలని ఖజానాధికారి లెక్కనే పాటగా కట్టాడు. రందికి ఒక సంబోధ్యుడు దొరికాడు కనుక అది నిందాస్తుతి అయింది. సుబ్బయ్యకు, రవికి అటువంటి సంబోధ్యుడు లేడు. చెప్పుకుంటే వినేవాడున్నాడన్న నమ్మకం వారి కాలానికి సన్నగిల్లింది.

కాళోజీ నారాయణరావు ఎంచుకున్న తోవ వేరు. 1953లో అలంపురంలో శ్రీశ్రీ ఆవిష్కరించిన అతని కవితాసంపుటి పేరు ‘నా గొడవ’. గొడవ అన్న మాటకు దిగులు, బాధ, పట్టింపు అన్న అర్థమూ ఉంది, కొట్లాట అన్న అర్థమూ ఉంది. ‘నీ గొడవ నాకెందుకు’ అన్నప్పుడు మొదటిది, ‘గొడవ చేయకు’ అన్నప్పుడు రెండవది. ఆందోళన అన్న సంస్కృతపదంలో మనం చూసిన జంట అర్థం ఈ తెలుగుపదంలోనూ ఉంది. కాళోజీ ఆ రెండింటి నడుమ గోడను కట్టలేదు. తన పట్టింపులను తనవిగా చెప్పుకుంటూనే వాటిని ఊరిముందు పెట్టాడు. ‘నా’ అన్న సర్వనామం అక్కడ ఏకాంతాన్ని చెప్పదు, బాధ్యతను చెబుతుంది. ఇందులో నవలకున్న సూక్ష్మత లేదన్న విమర్శను ఒప్పుకోవచ్చు. అర్ధరాత్రి రవి పడే సందిగ్ధానికి కాళోజీ కవితలో చోటు తక్కువ. కాని రంది పడ్డవాడికి నలుగురిలోకి రావడానికి ఒక వాకిలి ఉంది.

ఈ మాట దగ్గర ‘అంపశయ్య’ అన్న శీర్షికను మళ్లీ చూడాలి. శరతల్పం మీద రవి పడుకున్నది ఒక్కరోజు. భీష్ముడు ఏభై ఎనిమిది రాత్రులు పడుకున్నాడని భారతం చెబుతుంది. శరీరమంతా బాణాలు గుచ్చుకుని, ఉత్తరాయణం కోసం ఎదురుచూస్తూ. కాలం కోసం ఎదురుచూడటం ఇద్దరిలోనూ సమానమే, భీష్ముడికి మాత్రం ఎప్పుడు పోవాలో నిర్ణయించుకునే వరం ఉంది. అయితే ఆ పోలికలో విమర్శకులు తక్కువగా పట్టించుకున్న అంశం మరొకటుంది. భీష్ముని శయ్య చుట్టూ మనుషులున్నారు. యుద్ధం గెలిచి, బంధువులను చంపుకుని, రాజ్యం వద్దనుకునేంత దిగులుతో ఉన్న ధర్మరాజు ఆ మంచం పక్కన కూర్చుని ప్రశ్నలడిగాడు. తిక్కన తెలుగుచేసిన శాంతి, ఆనుశాసనిక పర్వాలు ఆ సంభాషణే. బాణాలు దిగిన మనిషి మాట్లాడుతుంటే దిగులుపడిన మనిషి విన్నాడు. ఇద్దరిలో ఎవరు ఎవరిని ఊరడించారో చెప్పడం కష్టం. ఉస్మానియా వసతిగృహంలో రవి మంచానికి అటూ ఇటూ ఇతర విద్యార్థుల గదులున్నాయి. ఆ గదుల్లో వారి వారి మెస్ బాకీలతో, వారి వారి తండ్రుల ఉత్తరాలతో పడుకున్నవారూ ఉంటారు. తలుపులు మూసే ఉన్నాయి.